నీలం బస్సు కోసం

గంగరాజు సైకిలు మీంచి పడింది గుడ్‌ఫ్రైడే రోజు పొద్దున్న ఏడున్నరకి, మల్కాపురం దాటి శ్రీహరిపురం వస్తుండగా.

రెండువేల ఒకటో సంవత్సరం అది. గుడ్‌ఫ్రైడే వెళ్ళిన రెండు రోజులకే మరబోట్లకి వేట నిషేధం మొదలవుతుంది. గాజువాకలో కేథలిక్కుల ఇళ్ళలో ఆ రోజు మాంసం వండరు కాబట్టి అయిదారిళ్ళవాళ్ళు చేపలకి వారం ముందే చెప్పి పెట్టుకున్నారు. అందుకని గంగరాజు చీకటితోనే ఫిషింగ్ హార్బరుకి వెళ్ళి, వేలంలో మంచి చందువాలూ కానాగంతలూ ఏరి తెచ్చుకుని, గంపలో ఐసు కొట్టి పోసి, సైకిలు వెనక పాత ట్యూబుతో బిగించి కట్టాడు. మామూలు రోజులకన్నా ఒకటిన్నర రెట్లు బరువు.

వాళ్ళది తరాలుగా సముద్రం మీద బతికిన ఇల్లు. గంగరాజు కూడా ముప్పై ఏళ్ళు వచ్చేదాకా తెప్ప మీద వెళ్ళినవాడే. తుఫానుకి తెప్పా వలలూ పోయాక సైకిలెక్కి తొమ్మిదేళ్ళయింది. సముద్రం మీద అల ఎటునుంచి వస్తోందో కనిపిస్తుంది. ఈ రోడ్డు మీద అన్నీ వెనకనుంచి వస్తాయి. బొగ్గు లారీలు, ఆయిలు ట్యాంకర్లు, షిఫ్టు బస్సులు. వాటి పక్కన వందల సైకిళ్ళు, హ్యాండిలుకి క్యారేజీలు తగిలించుకుని ఫ్యాక్టరీలకి వెళ్ళేవాళ్ళు. హారన్ కొడితే ఖాళీ సైకిలువాడు తారు దిగిపోతాడు. గంపతో ఉన్నవాడు దిగలేడు. అంచున పేరుకున్న ఇసకలోనూ బొగ్గు పొడిలోనూ చక్రం దిగబడితే సరుకుతో సహా పడాల్సిందే. అందుకే గంగరాజు ఎంత హారన్ కొట్టినా తారు దిగేవాడు కాదు. ఎంతమంది డ్రైవర్లు తలకాయ బయటపెట్టి బూతులు తిట్టారో లెక్క లేదు. అతనూ అంతకంత తిట్టేవాడు.

ఆ పొద్దున్న ఎడమ పక్కన ఒక లారీ ఆగి ఉంది. దాన్ని తప్పించుకోడానికి గంగరాజు కొంచెం కుడికి వచ్చాడు. వెనకనుంచి హారన్ మోగింది. ఆగకుండా మోగింది. దిగడానికి చోటెక్కడ? ఎడమన లారీ, కుడిన అది. అతను తల తిప్పేలోగా బస్సు పక్క రేకు గంపకి తగిలింది. సైకిలు గిర్రున తిరిగింది. భుజం మీద పడ్డాడు. కళ్ళు తెరిచేసరికి చందువాలు తారు మీద తెల్లగా పరుచుకుని ఉన్నాయి. దూరంగా వెళ్ళిపోతున్న నీలం బస్సు వెనక అద్దం పగిలి, దాని మీద గోధుమరంగు టేపు ఈ చివరనుంచి ఆ చివరకి అంటించి ఉంది. నెంబరులో చివరి రెండంకెలు నలభై ఏడు. అంతే చూశాడు. ఆ తర్వాత వచ్చిన ట్యాంకరు చేపల మీంచే వెళ్ళింది.

బస్సు ఆగలేదు. కనీసం నెమ్మదించలేదు.

ఎవరో ఇద్దరు సైకిళ్ళవాళ్ళు అతన్ని లేపి ఆటో ఎక్కించారు. భుజం ఎముక చిట్లిందన్నారు. మూడు వారాలు చెయ్యి మెడకి కట్టుకుని తిరిగాడు. ముందు చక్రం వంకర తిరిగిపోతే షాపువాడు కొత్త రిమ్ము వేసిచ్చాడు.

సైకిలు బాగయింది గానీ గంగరాజు దాన్ని ఎక్కలేకపోయాడు.

ఇది ఎవరికీ చెప్పలేదు. కట్టు విప్పిన మర్నాడు వీధి చివరిదాకా నడిపించుకెళ్ళి, ఒక కాలు పెడలు మీద పెట్టాడు. రోడ్డు మీద ఎక్కడో లారీ హారన్ వినిపించింది. పెట్టిన కాలు తీసేశాడు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ తీశాడు. ఇంటికొచ్చి, "నిషేధం కదా, సరుకేదీ" అన్నాడు భార్య కాసులమ్మతో.

నిషేధం మరబోట్లకే. తెప్పలవాళ్ళు ఒడ్డు దగ్గర పట్టిన కవళ్ళూ నెత్తళ్ళూ లాంటి చిన్న చేపలు దొరుకుతూనే ఉన్నాయి. కాసులమ్మ గంప నెత్తిన పెట్టుకుని తనే సిటీ బస్సెక్కి గాజువాక వెళ్ళడం మొదలుపెట్టింది.

గంగరాజు ఇంట్లో ఉండలేకపోయాడు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికైనా పోవాలనిపించేది. పొద్దున్నే సైకిలు తోసుకుంటూ శ్రీహరిపురం దాకా నడిచి, రోడ్డు పక్క టీ బడ్డీ ముందు నిలబడేవాడు. వెళ్ళే ప్రతి బస్సు వెనకా చూసేవాడు. ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ. నీలంది కనిపిస్తే రోడ్డు అంచుదాకా వెళ్ళేవాడు. దగ్గరికొస్తే అది కాదు. తొమ్మిదింటికి బస్సులు పలచబడేవి. అయినా కదిలేవాడు కాదు.

"ఏటి మావా, ఆ బస్సు దొరికితే ఏటి సేత్తావు?" అని అడిగింది కాసులమ్మ ఒకరోజు.

"ఆడి మొగం సూడాల."

"సూసి?"

"నానింత మనిషిని పడిపోతే ఎనక్కి తిరిగి సూడలేదే ఆడు. సేపల గంపనుకున్నాడా, మనిషినుకున్నాడా? అడుగుతాను" అన్నాడు గంగరాజు.

మే నెల మూడో మంగళవారం ఆ బస్సు దొరికింది.

ఒక ట్యాంకరు గేటులోకి వెనక్కి తిరుగుతూ రోడ్డంతా ఆపేసింది. దాని వెనక బళ్ళు బారులు తీరాయి. గంగరాజు ఆ వరస పక్కనుంచి నడుస్తూ వెళ్తుంటే గోధుమరంగు టేపు కనిపించింది. నెంబరు చూశాడు. నలభై ఏడు. బస్సు ముందుకి వెళ్ళి, తన సైకిలుని అడ్డంగా పడేసి నిలబడ్డాడు.

ట్యాంకరు తప్పుకుంది. ముందు బళ్ళు కదిలాయి. నీలం బస్సు హారన్ కొట్టింది. గంగరాజు కదల్లేదు. డ్రైవరు తల బయటపెట్టాడు. నలభై ఏళ్ళ మనిషి, సన్నగా, చెంపలు తెల్లబడి ఉన్నాడు.

"ఏటయ్యా, సావాలనుందా నీకు?"

ఆ మాటతో గంగరాజుకి నెల రోజులుగా లోపల తిరుగుతున్నదంతా చేతుల్లోకి వచ్చేసింది. వెళ్ళి తలుపు లాగి, అతని చొక్కా పట్టి కిందకి దింపాడు.

"సంపీడానికే గదా సూసినావు! గుడ్‌ఫ్రైడే నాడు ఇక్కడే నన్ను గుద్దీసి ఎల్లిపోయినావు."

"నాను కాదు బావ, ఆ రోజు నాను..."

గంగరాజు చెంప మీద కొట్టాడు. ఒక్కటే దెబ్బ.

రెండోది అతను కొట్టనక్కర్లేకపోయింది. షిఫ్టుకి వెళ్ళే సైకిళ్ళవాళ్ళు అప్పటికే చుట్టూ చేరారు. "మొన్న మా తమ్ముడ్ని ఇలాగే కాలవలోకి నెట్టీసేరు" అన్నాడొకడు. "ఈళ్ళకి మనం కుక్కలతో సమానం" అన్నాడింకొకడు. ప్రతివాడి దగ్గరా ఒక సంగతి ఉంది, ప్రతివాడికీ ఎవడో ఒక డ్రైవరు బాకీ ఉన్నాడు. ఎవరి చెయ్యి ఎక్కడ పడుతోందో తెలియలేదు. గాలి పంపుతో ఎవడో మొహం మీద కొట్టాడు. బస్సులో ఉన్న ఆఫీసువాళ్ళు కిటికీలు మూసేసుకున్నారు. సైకిళ్ళవాళ్ళలో ఒక్కడు మాత్రం, ఖాకీ చొక్కా వేసుకున్న కుర్ర మేస్త్రీ, గుంపులోకి దూరి, "సచ్చిపోతాడ్రా, ఒదలండి, ఒదలండ్రా" అని అరుస్తూ డ్రైవరు మీద అడ్డంగా పడ్డాడు.

బస్సు చక్రం పక్కన డ్రైవరు చెప్పు ఒకటి బోర్లా పడి ఉండడం గంగరాజు చూశాడు. సైకిలు లేపుకుని, ఎవరూ తనని గమనించకముందే, పక్క సందులోకి తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి మూడుసార్లు చేతులు కడుక్కున్నాడు. అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. సాయంత్రానికి కాసులమ్మతో చెప్పేశాడు.

"బతికే ఉన్నాడా?" అని అడిగింది ఆమె మొదట.

"తెలీదే."

"తెలీకండా ఎలగొచ్చేసినావు?"

ఆ మాటకి అతను తలెత్తలేదు. తను పడిన రోజు ఆ బస్సువాడు చేసిందే ఈ రోజు తను చేశాడు. ఆమె ఆ సంగతి అనలేదు గానీ ఇద్దరికీ తెలిసింది.

గురువారం కాసులమ్మ గంపతో గాజువాక వెళ్ళినప్పుడు, దెబ్బలు తిన్న డ్రైవరు గురించి నలుగురినడిగింది. చర్చి వెనక వీధిలో ఉంటాడని, పేరు యేసుదానమనీ చెప్పారు. ఆ వీధిలోకి వెళ్ళి, "సేపలో! కవళ్ళో!" అని కేకేసుకుంటూ ఇల్లిల్లూ దాటింది. నీలి రంగు తలుపున్న ఇంటి ముందు ఒకామె బకెట్టుతో నిలబడి ఉంది.

"వద్దమ్మా. వండుకునేలా లేం" అంది ఆమె.

"ఏటమ్మా, ఒంట్లో బాలేదా?"

ఆమె పేరు రోజలిన్. రెండు రోజులుగా చెప్పుకోడానికి మనిషి దొరకలేదో ఏమో, గంప దింపించి మరీ చెప్పింది. భర్త ఎడమ కన్ను మూసుకుపోయింది. రెండు పక్కటెముకలు చిట్లాయి. "గుడ్‌ఫ్రైడే నాడు ఎవడ్నో గుద్దీసేడని కొట్టేరంట. పదిహేనేళ్ళుగా ఆ ఒక్క రోజూ మాయన బండి ముట్టడు. పొద్దున్ననుంచి గుడిలోనే ఉన్నాడు, నా పక్కన కూకున్నాడు. ఆ రోజు బండి ఓనరు బామ్మర్ది తోలేడు. ఆడికి లైసెన్సే లేదు. మాయన అదే సెప్పబోయేడంట. ఎవడిన్నాడు?"

కాసులమ్మ గంప ఎత్తుకోడం మర్చిపోయి వింది. ఇంకో సంగతి కూడా తెలిసింది. రోజలిన్ పోలీసు కేసు పెట్టింది. బస్సులో ఉన్న ఆఫీసువాళ్ళు గుర్తుపట్టి పేరు చెప్పగలిగింది ఒక్కణ్ణే. తాతబాబని, తమ ఫ్యాక్టరీలోనే కాంట్రాక్టు మేస్త్రీగా చేస్తున్నవాణ్ణి. వాళ్ళు చూసింది అతను డ్రైవరు మీద పడి ఉండడం. దెబ్బల్లో కళ్ళు మూసుకుపోయిన యేసుదానానికి, మీద పడ్డవాడు కొట్టాడో కాపాడాడో తెలియలేదు. పోలీసులు రోజూ పిలిచి కూర్చోబెడుతున్నారు. ఫ్యాక్టరీవాళ్ళు గేటు పాసు ఆపేశారు.

ఇంటికొచ్చి కాసులమ్మ అంతా చెప్పింది. గంగరాజు గడపలో కూర్చుని విన్నాడు. విని చాలాసేపు బయటికీ లోపలికీ తిరిగాడు.

"కాకీ సొక్కా కుర్రోడా? ఆడే గదే ఆపింది!"

"మరి ఎల్లి సెప్పు."

"సెప్తే నన్ను లోపలేత్తారు."

"ఏత్తే నాను కూడెట్టుకొచ్చి ఇత్తాను. ఇలాగ నువ్వు తిరగడం నాను సూడలేను మావా. రోడ్డు మీద పడ్డకాణ్ణించి తిరుగుతున్నావు. ఒక్క సోట కూకో."

మర్నాడు గంగరాజు సైకిలు తోసుకుంటూ గాజువాక దాకా నడిచాడు. ఎండ మాడిపోతోంది. నీలి రంగు తలుపు కొడితే యేసుదానమే తీశాడు. కన్ను ఊదారంగుగా ఉబ్బి ఉంది. ఒక క్షణం చూసి గుర్తుపట్టాడు. తలుపు మూయబోయి, ఆగాడు.

"ఇంకేటి మిగిలింది బావ, కొట్టడానికి?"

"తప్పయిపోయింది" అన్నాడు గంగరాజు. ఇంకా ఏదో చెప్పాలని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాడు గానీ ఆ రెండు ముక్కలే వచ్చాయి.

లోపలనుంచి రోజలిన్ వచ్చింది. ఎవరో తెలిశాక ఆమె తిట్టిన తిట్లు వీధంతా విన్నారు. గంగరాజు తలదించుకుని పడ్డాడు. ఆమె అలిసిపోయాక యేసుదానం అరుగు మీద చోటు చూపించాడు. పక్కటెముకలు పట్టుకుని తనూ కూర్చున్నాడు.

"ఆ రోజు నాను కాదు" అన్నాడు. "అది నిజం. గానీ ఇంకో రోజు నాను కాదని సెప్పలేను. ఎనిమిదింటికి ఫ్యాక్టరీ గేటు కాడుండాల. అయిదు నిమిషాలు లేటయితే ఓనరు కోత పెడతాడు. ముందర సైకిలు అడ్డుంటే హారన్ మీద సెయ్యి తియ్యను. ఎంతమంది ఇసకలో పడ్డారో నాకేటి తెలుసు? అద్దంలో సూసుకుంటే ముందున్నోడు మిస్సవుతాడు. నాను సూడను."

"మేమూ దిగం" అన్నాడు గంగరాజు. "దిగితే పడతాం."

"నాకది తెలీదు. పొగరనుకున్నాను."

యేసుదానం ఉన్నట్టుండి, "నిన్న బండి కాడికి ఎల్లేను. ఊరికే సీట్లో కూకుందామని. ఎవడో సైకిలోడు పక్కనుంచి బెల్లు కొట్టుకుంటా ఎల్లేడు. బెల్లుకి, బావ, బెల్లుకి దడుసుకుని దిగిపోయేను" అన్నాడు.

గంగరాజు అతని మొహంలోకి చూశాడు. నెల రోజులుగా చూడాలనుకున్న మొహం ఇది కాదు. అయినా తన కాలు పెడలు మీంచి దిగిపోతున్న సంగతి మొట్టమొదట ఈ మనిషితోనే చెప్పాడు. యేసుదానం నవ్వలేదు. "ఊఁ" అన్నాడు.

"స్టేషనుకెల్లి సెప్తావా?" గుమ్మంలోంచి అడిగింది రోజలిన్.

"ఇప్పుడే ఎల్తన్నాను."

స్టేషనులో ఎస్సై భోంచేసి అప్పుడే వచ్చాడు. బెంచీ మీద తాతబాబు గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. గంగరాజు నిలబడి, ముందు దెబ్బ తనదేననీ, ఈ కుర్రాడు విడిపించడానికి వచ్చినవాడేననీ చెప్పాడు. ఎస్సై రెండోసారి చెప్పించుకున్నాడు. "నీకై నువ్వు వచ్చావా? ఎవడైనా పంపాడా?" అని అడిగాడు. "నాకై నానే బాబూ" అన్నాడు గంగరాజు. తాతబాబు బెంచీ మీద పక్కకి జరిగి చోటిచ్చాడు.

సాయంత్రం అయిదయ్యేసరికి యేసుదానం ఆటోలో వచ్చాడు. రోజలిన్ రాలేదు. అతను ఎస్సైకి అంతా చెప్పి, రాజీ కాగితం మీద సంతకం పెట్టాడు. గంగరాజు చేత కూడా వేలిముద్ర వేయించారు. గుడ్‌ఫ్రైడే నాటి ఫిర్యాదు కూడా రాసుకున్నారు. ఓనరు బామ్మర్ది అప్పటికే ఒరిస్సా లారీ ఎక్కి వెళ్ళిపోయాడని తెలిసింది. ఆ ఫిర్యాదు ఏమయిందో ఎవరూ మళ్ళీ చెప్పలేదు.

ముగ్గురూ బయటికి వచ్చారు. యేసుదానం ఎవరితోనూ మాట్లాడకుండా ఆటో ఎక్కాడు. తాతబాబు రోడ్డు అటూ ఇటూ చూశాడు.

"నా సైకిలు ఆ రోజు గొడవలో ఎవడో ఎత్తుకుపోయేడు. శ్రీహరిపురం దాకా దించీ బావ."

గంగరాజు హ్యాండిలు పట్టుకుని నిలబడ్డాడు. ఎక్కలేనని చెప్పొచ్చు. కానీ తన దెబ్బకి మూడు రోజులు స్టేషనులో కూర్చుని, సైకిలూ పాసూ పోగొట్టుకున్న మనిషి అడుగుతున్నాడు.

"నాకు ఎనకాల బండొత్తే బయమేత్తాది" అన్నాడు మెల్లిగా.

తాతబాబు అతన్ని ఎగాదిగా చూశాడు. "అయితే నాను ఎనక్కి తిరిగి కూకుంటాను" అని క్యారియరు మీద వీపు తిప్పి కూర్చున్నాడు. "నువ్వు ముందు సూడు. ఎనకది నాను సెప్తాను."

గంగరాజు కాలు పెడలు మీద పెట్టాడు. తొక్కాడు. సైకిలు రెండు మూడు వంకర్లు పోయి నిలదొక్కుకుంది.

"లారీ వత్తంది" అన్నాడు తాతబాబు. గంగరాజు వీపంతా బిగుసుకుపోయింది. "దూరంగుంది. తొక్కు... కొంచెం ఎడమకి... ఇంకొద్దు, సాలు... వత్తంది, వత్తంది... పోయింది. తొక్కు బావ." లారీ గాలి చెంపకి కొట్టి వెళ్ళింది. బొగ్గు పొడి కళ్ళలో పడింది. గంగరాజుకి కళ్ళు తుడుచుకునే ధైర్యం లేదు, రెండు చేతులతో హ్యాండిలు గట్టిగా పట్టుకుని తొక్కుతూనే ఉన్నాడు. "ఇప్పుడు బస్సు. ఆర్టీసీది. నెమ్మదిగానే వత్తంది." అలా ఒక్కొక్కదాన్నీ చెప్పుకుంటూ తాతబాబు, వింటూ గంగరాజు, శ్రీహరిపురం చేరేసరికి చీకటి పడబోతోంది. దిగి, "ఎల్లొత్తాను" అని తాతబాబు వెళ్ళిపోయాడు. అక్కణ్ణుంచి ఇంటిదాకా గంగరాజు ఒక్కడే తొక్కాడు. రెండుసార్లు దిగి నడిచాడు. మళ్ళీ ఎక్కాడు.

తాతబాబుకి గేటు పాసు తిరిగి రావడానికి ఎనిమిది రోజులు పట్టింది. రోజలిన్ మాత్రం కాసులమ్మ దగ్గర చేపలు ఎప్పుడూ కొనలేదు. చేపల మిషతో ఆరా తీసి వెళ్ళిందని ఆమెకి కోపం. ఆ వీధిలో కాసులమ్మ కేక వినిపిస్తే తలుపు వేసేసుకునేది.

జూన్‌లో బోట్లు మళ్ళీ సముద్రంలోకి వెళ్ళాయి. గంగరాజు గంప కట్టాడు. మొదటి వారం మల్కాపురం సందుల్లోనే తిరిగాడు, తర్వాత పెద్ద రోడ్డెక్కాడు. భయం పోలేదు. హారన్ వినిపించినప్పుడల్లా భుజం దానంతటదే ముడుచుకునేది. అదివరకు తల తిప్పనివాడు ఇప్పుడు నిమిషానికోసారి వెనక్కి చూస్తూ తొక్కుతున్నాడు.

ఒకరోజు పొద్దున్న వాన దంచేస్తోంది. సింధియా దాటాక రోడ్డు అంచంతా నీళ్ళు నిలిచాయి. గుంట ఎక్కడుందో తెలియక గంగరాజు తారు మధ్యగా వస్తున్నాడు. వెనకనుంచి హారన్ మొదలయింది. ఆగి ఆగి కాదు, పట్టుకుని నొక్కుతున్నారు. ఒళ్ళు మండింది. ఎవడో చూడకుండానే నోటికొచ్చింది తిట్టాడు. బస్సు అతని వెనకే నెమ్మదించింది. కిటికీలోంచి యేసుదానం తల బయటికి పెట్టాడు. వాన నీళ్ళు మొహం మీద కారుతున్నాయి.

"నడిమిట్లో ఏటయ్యా ఆ తొక్కడం? నీ బాబు రోడ్డా?"

"అంచున గుంటలున్నాయి, కనిపించడం లేదేటి? నువ్వు దిగి తొక్కు!"

"నాకు ఎనిమిదింటికి గేటు!"

"నాకు ఏడున్నరకి సేపలు!"

యేసుదానం ఇంకేదో అన్నాడు, వానలో వినబడలేదు. బస్సు బాగా కుడికి జరిగి, అతన్ని దాటి, ముందుకి వెళ్ళిపోయింది. చక్రాల నీళ్ళు గంగరాజు మోకాళ్ళ దాకా చిమ్మాయి. ఇంకో బూతు తిట్టి, తుండుగుడ్డతో మొహం తుడుచుకుని, వెనక్కి ఒకసారి చూసుకుని, గాజువాక వైపు తొక్కాడు.